పున్నమ్మ పత్తిమూట

దూదేకే వాళ్ళ ఇంట్లో పరుపుండదని ఒక మాట ఉంది. రేపల్లె స్టేషను వెనక వీధిలో ఖాజా మొహిద్దీన్ ఇంటి గడప తొక్కినవాళ్ళెవరైనా ఆ మాట నిజమేనని ఒప్పుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో సగం నడుములు ఆయన ఏకిన దూది మీదే వాలుతున్నాయి. ఆయనా, ఆయన భార్య అబీదా మాత్రం ఈతచాప పరుచుకుని, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటారు.

ఏకేది ఖాజా అయినా దూది సంగతంతా అబీదాది. ఎవరైనా పాత పరుపు తెచ్చి వరండాలో పడేస్తే, ముందు బిస్మిల్లా అనుకుని, గలేబు మూల కాస్త విప్పి లోపలికి చెయ్యి పెట్టేది. అది పొలం పత్తా, బూరుగు దూదా, ఎన్నేళ్ళ నాటిది, ఎంత చెమట తాగింది, అన్నీ ఆ చేతికే తెలిసేవి. మిషను వచ్చాక చాలామంది దూదేకులవాళ్ళు పది ఇళ్ళ దూదీ ఒక్కసారే మిషనులో వేసి, తూకానికి తూకం ఇచ్చి పంపేవాళ్ళు. అబీదా అలా చెయ్యనిచ్చేది కాదు. గుప్పెడు దూది కూడా ఒకరిది ఇంకొకరి దాంట్లో కలవడానికి వీల్లేదు. "ఒకరింటి నిద్ర తీసుకెళ్ళి ఇంకొకరింట్లో పెడితే దేవుడొప్పుతాడా" అనేది. ముసలివాళ్ళ దిండ్లలో మాత్రం, అడక్కపోయినా, ఎండబెట్టిన వావిలాకు గుప్పెడు వేసి కుట్టేది. జలుబు పట్టకుండా ఉంటుందని. ఆ సంగతి చాలామందికి తెలియదు. ఈమధ్య మా అత్తగారికి తల పట్టేయడం లేదు అని ఎవరైనా చెబితే, అలాగా అమ్మా, మంచిదే అని ఊరుకునేది.

ఆ ఇల్లు వాళ్ళది కాదు. వీధి మొదట్లో డాబా ఉన్న రైసుమిల్లు రాఘవయ్యగారిది. పల్లంలో కట్టిన పాత పెంకుటిల్లు. ముందు వరండాలో ఏకే మిషను, లోపల ఒక గది, దానిమీద చిన్న అటక, వెనక వంటపాక. పక్కనే మురుగు కాలువ. మామూలు వానకే కాలవ గడపదాకా వచ్చి పలకరించి పోయేది.

అది రెండువేల ఆరు. రంజాను పండగ వెళ్ళి ఐదో రోజు, ఆదివారం. చలికాలం ముందు నెల కాబట్టి ఇంటినిండా దూది. ఆరిళ్ళవాళ్ళ మూటలున్నాయి. అందులో ఆరు పెద్ద మూటలు రాఘవయ్యగారివే, మంచి బూరుగు దూది. ఒక్క చిన్న మూట భట్టిప్రోలు పున్నమ్మది.

పున్నమ్మ కూలి మనిషి. భట్టిప్రోలు పేటలో ఉంటుంది. డెల్టాలో కోతలు లేని రోజుల్లో పైనాడు మెట్ట ఊళ్ళకి వెళ్ళి పత్తి తీసేది. తీత అయిపోయాక చేలో చెట్టుకొకటీ అరా మిగిలిన కాయలు ఏరుకుంటే అవి కూలివాళ్ళవే. అలా రెండేళ్ళపాటు పరిగె ఏరి, గింజలు చేత్తోనే తీసి, పాత చీరలో మూట కట్టి తెచ్చింది. ఆమె కూతురు సారాకి తొలి కాన్పు చలికాలంలో చాపమీదే అయింది. బిడ్డకి రొమ్ము పడిసెం పట్టి ఇరవై రోజులకి పోయాడు. ఇప్పుడు రెండో కాన్పు. నెలలు నిండాయి.

"పరుపంటే పెద్దది కాదక్కా. తల్లీపిల్లా పట్టేంత చాలు" అంది పున్నమ్మ మూట ఇస్తూ. "ఈసారి నా బిడ్డ నేలమీద పడుకోగూడదు. నీకిదే చెప్తున్నా."

"ఇన్షా అల్లా, పడుకోదులే" అంది అబీదా. ఆ మాట ఆమె ఇచ్చిన మాట.

మామూలుగా అయితే నాలుగు రోజుల్లో కుట్టి ఇచ్చేదే. శుక్రవారం నుంచీ ముసురు పట్టుకుంది. చెమ్మలో దూది ఏకితే ఉండలు కడుతుంది. ఎండ వస్తే ఏకుదామని ఆపారు. ఎండ రాలేదు.

ఆదివారం పొద్దున ఖాజా తెనాలి నుంచి మొదటి బండికి పరుపు గుడ్డతో దిగాడు. తల తుడుచుకుంటూ, "వేమూరు దాటాక వరి మొత్తం పడుకునుంది. రైలుపెట్టెలో అందరూ డెబ్బయ్యేడు ఉప్పెన మాటే. వాయుగుండం బాపట్ల మీదకే వస్తదంట" అన్నాడు.

"రానియ్యండి. మనం వద్దంటే ఆగుద్దా" అంది అబీదా. లేచి కొంగు దోపింది.

బాపట్లలో బట్టల కొట్లో పనిచేసే కొడుకు ఇమ్రాన్ పక్కింటి ఫోనుకి చేసి, బస్సులు ఆపేశారు, రాలేను, మీరు జాగ్రత్త అని పెట్టేశాడు. అంటే ఇంట్లో ముగ్గురే. అబీదా, ఖాజా, కోడలు ఆస్మా. ఆస్మా తెనాలి పిల్ల. వాళ్ళదీ దూదేకే ఇల్లే. పెళ్ళయి ఆరు నెలలు. వచ్చేటప్పుడు తండ్రి తన చేత్తో కుట్టిన బూరుగు పరుపు ఒకటి తెచ్చుకుంది. అత్తమామలు చాపమీద పడుకుంటుంటే కోడలు పరుపేసుకుని పడుకుంటుందా అని వీధిలో నలుగురూ నాలుగు మాటలన్నారు. అబీదా ఆ మాటల్లో కలవలేదు. కోడలి తరఫున మాట్లాడనూ లేదు. ఆస్మా దాన్ని మనసులో పెట్టుకుంది. అత్తాకోడళ్ళ మధ్య మాటలు తక్కువ, విసుర్లు ఎక్కువ.

తుపానుకి ఇల్లు సర్దుకోవడమంటే ఆ వీధిలో అందరికీ ఒక వరస తెలుసు. బిందెలనిండా మంచినీళ్ళు పట్టుకోవాలి, కాలవ పొంగితే కుళాయి నీళ్ళలో మురుగు కలుస్తుంది. కిరసనాయిలు, అగ్గిపెట్టె, రేషన్ కార్డు కవర్లో చుట్టి ఎత్తుమీద పెట్టాలి. బియ్యం డబ్బా మంచమెక్కాలి. వదులైన పెంకుల మీద రాళ్ళు పెట్టాలి. ఖాజా నిచ్చెనేసుకుని పైకెక్కి, చూరుకి కొబ్బరి తాడు కట్టి వరండా స్తంభానికి బిగించాడు. గాలికి లుంగీ నిలవడంలేదు. కింద నుంచి ఆస్మా రాళ్ళందిస్తూ, "మామయ్యా, ఆ మూల పెంకు పగిలింది, చూడండి" అని అరుస్తోంది.

"ఎప్పుడో పగిలిందమ్మా. రాఘవయ్యగారికి మూడుసార్లు చెప్పా" అన్నాడు పైనుంచి.

లోపల అబీదా వరస మాత్రం వేరు. గదిలో ఉన్న ఒకే ఒక పట్టె మంచాన్ని నడి గదిలోకి లాగింది. కోళ్ళ కింద మూడేసి ఇటుకలు పెట్టింది. మంచం మీదున్న బియ్యం డబ్బా తీసి కింద పెట్టింది.

ఆస్మా లోపలికొచ్చి చూసి నిలబడిపోయింది. "అత్తా, బియ్యం కింద పెట్టారేంటి?"

"దూదికి చోటు కావాలి."

"మనం తినే బియ్యం నేలమీద, ఊళ్ళోవాళ్ళ దూది మంచమ్మీద. బాగుంది."

"బియ్యం తడిస్తే ఆరబెట్టి నూక చేసుకోవచ్చు. అది మనది. దూది మనది కాదు."

"అటకుందిగా, అక్కడ పెట్టొచ్చుగా."

"నువ్వు దూదేకేవాళ్ళ పిల్లవేనా. అటకపైన పెంకు పగిలిందని ఇప్పుడేగా అరిచావు."

ఆస్మా మూతి తిప్పుకుంది. అత్త ఎప్పుడూ ఇంతే, నిజం చెప్పినా గీరినట్టే చెబుతుంది.

అబీదా మూటలు సర్దడం మొదలుపెట్టింది. మంచమ్మీద మొదటి వరస రాఘవయ్యగారి ఆరు బూరుగు మూటలు. పత్తి దూది తడిస్తే ముద్దవుతుంది, ఆరినా ఉండలు పోవు, నాలుగు రోజులు నీళ్ళ చెమ్మలో ఉంటే కుళ్ళిపోతుంది. బూరుగు దూది అలా కాదు. దానికి పుట్టుకతోనే ఒక జిడ్డు ఉంటుంది. నీళ్ళు తాగదు, తేలుతుంది. గలేబు తడిసినా లోపల దూది పొడిగానే ఉంటుంది. కాబట్టి నీళ్ళు మంచం ఎత్తుకి వచ్చినా కింద బూరుగు అడ్డుకుంటే పైన పత్తికి ఏమీ కాదు. ఈ సంగతి ఆమెకి అత్తగారు చెప్పారు. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పి ఉంటారు. ఆ బూరుగు మీద మిగతా ఇళ్ళవాళ్ళ పత్తి మూటలు పెట్టింది. అన్నిటికన్నా పైన పున్నమ్మ పాతచీర మూట. ఏకని కొత్త పత్తి, గింజ తీసింది, తడి తగిలితే అన్నిటికన్నా ముందు పాడయ్యేది అదే.

మూట సర్దుతూనే ఉంది, గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. రాఘవయ్యగారు. వెనక ఇద్దరు మిల్లు కూలీలు.

"ఏం సాయిబూ, అద్దె ఇంటికి తాళ్ళు కట్టేస్తున్నావు" అని బయట ఖాజాని పలకరించి, చెప్పులతోనే లోపలికొచ్చాడు. "అమ్మాయ్, మా దూది ఎక్కడ పెట్టావో చూసిపోదామని వచ్చా. మా డాబానిండా బియ్యం బస్తాలు. లేకపోతే ఇంటికే..."

 మంచంవైపు చూస్తున్నాడు.

"అడుగున ఉన్నవి మావేగా?"

"అవునండి బాబుగారూ."

"పైన ఉన్నది ఎవరిది?"

"భట్టిప్రోలు పున్నమ్మదండి."

"ఏ పున్నమ్మ?"

"పేటలో ఉంటుందండి. కూలికెళ్తుంది."

రాఘవయ్యగారి ముఖం ఒక్కసారిగా ఎర్రబడలేదు. ముందు నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే భయం. "అంటే మేం పడుకునే దూది నెత్తిన పేటవాళ్ళ మూట. అదీ మా ఇంట్లోనే. నీకెవరు చెప్పారమ్మా ఈ వరస?"

"వరస కాదండి. బూరుగు నీళ్ళు తాగదండి. అందుకే కింద..."

"నాకు పాఠం చెబుతున్నావా?"

అబీదా వంటపాకలోకి వెళ్ళింది. చెంబులో నీళ్ళు తెచ్చింది. బూరుగు మూట మూల విప్పి చిటికెడు దూది తీసి నీళ్ళలో వేసింది. చెయ్యిపెట్టి ముంచింది. చెయ్యి తీయగానే దూది పైకి తేలింది. తీసి, దులిపి, ఆయన ముందు చాపింది. "చూడండి. లోపల పొడి."

"గారడీలు చెయ్యమాకు" అన్నాడాయన. దూదివైపు చూడనేలేదు. "మావి తీసి పైన పెట్టు. ఆ మూట అడుగున పడెయ్. లేకపోతే బయట పడెయ్. అంతటితో అయిపోద్ది. నేనూ ఏం అనను."

ఖాజా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లుంగీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. భార్యవైపు చూసి, "ఏమే, అయ్యగారు చెప్పినట్టు చేద్దూ. తీసి మళ్ళీ సర్దితే ఎంతసేపు" అన్నాడు నెమ్మదిగా.

అబీదా పున్నమ్మ మూటమీద చెయ్యేసి ఉంచింది. "తడిసే దాన్ని అడుగున పెట్టి, తడవని దాన్ని పైన పెడితే అది సర్దడం కాదండి. ఆ పిల్లకి నెలలు నిండినయి. నేను మాటిచ్చాను."

"నీ మాట పేటవాళ్ళకిస్తావు. ఇల్లు నేనివ్వాలి" అన్నాడు రాఘవయ్య. "సరే. ఒరేయ్ కృపారావ్, మన మూటలు దించండి. తోపుడు బండిలో వెయ్యండి. సాయిబూ, ఒకటో తారీకు బుధవారం. ఆ రోజుకి ఇల్లు ఖాళీగా ఉండాలి. తాళం నేనే తెచ్చి వేసుకుంటా."

"అయ్యగారూ, తుపాను..." అన్నాడు ఖాజా.

"తుపాను మంగళవారానికి పోద్ది. నువ్వు బుధవారానికి పో."

కూలీలు పై మూటలు ఎత్తి పక్కనపెట్టి, అడుగు మూటలు లాగారు. బండిలో వేశారు. పైన కప్పడానికి ఏమీ లేదు. వాన మళ్ళీ చిన్నగా మొదలైంది. అబీదా ఉన్న రెండు ప్లాస్టిక్ బరకాల్లో ఒకటి తీసి బండిమీద కప్పబోతే, రాఘవయ్య చేత్తో తోసేశాడు. అందరికంటే వెనకగా బయటికి వెళ్తున్న కృపారావు మాత్రం, ఎవరికీ కనపడకుండా, ఖాజా సగం కట్టి వదిలేసిన రెండో తాడు ఇంకో చుట్టు తిప్పి బిగించి పోయాడు. అబీదా చూసింది. వాడికి మేలు జరగాలని మనసులో అనుకుంది.

వాళ్ళు వీధి మలుపు తిరిగారు. అప్పుడు ఖాజా అన్నది ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అనని మాట. "నీ నీతికి నా మిషను రోడ్డుమీద పడింది. అది గుర్తుపెట్టుకో." అని వరండాలోకి పోయి మిషను పక్కన గొంతుక్కూర్చున్నాడు. పిలిచినా రాలేదు. పెట్టిన అన్నం పెట్టినచోటే ఉంది.

అబీదా గదిలో ఒక్కతే మిగిలింది. మంచమ్మీద పత్తి మూటలు మాత్రమే ఉన్నాయి. అడుగు లేదు. మంచం ఇంకా ఎత్తు చేద్దామంటే ఇటుకలు లేవు, కోళ్ళు కూడా ఆగవు. చాప వేద్దామంటే చాప నీళ్ళు పీలుస్తుంది. పాత గోనెసంచులు అంతే. దేవుడా, ఒక దారి చూపించు అని మొక్కుకుంది. ఆమెకి తెలుసు, దారి ఆ గదిలోనే ఉంది. మూలన, దుప్పటి కప్పి, నిటారుగా నిలబెట్టి ఉంది. కోడలి పరుపు. అడగలేకపోయింది. ఆరు నెలలుగా ఒక్క మంచిమాట అనని నోటితో ఇప్పుడేమని అడుగుతుంది.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చేసుకుని లేచేసరికి ఆస్మా మంచమ్మీద మూటలన్నీ దించేసి, తన పరుపు లాక్కొచ్చి పరుస్తోంది.

"అదెందుకు" అంది అబీదా.

"అడగడానికి నోరు రాదుగా మీకు. చూస్తూ ఉండలేక చస్తున్నా." పరుపు మూలలు సరిచేస్తూ, "మా నాన్న నాలుగు రోజులు కూర్చుని కుట్టాడు దీన్ని. గలేబు మీద ఒక్క మరక పడిందంటే మీతో మాట్లాడను."

"ఇప్పుడు మాట్లాడుతున్నావా ఏంటి."

ఆస్మా పెదవి కదిలింది కానీ నవ్వు బయటికి రానివ్వలేదు. "ఆ చివర పట్టుకోండి. సరిగ్గా లేదు."

ఇద్దరూ కలిసి మూటలు మళ్ళీ పేర్చారు. మిగిలిన బరకం పైన కప్పి పురికొసతో మంచానికి కట్టేశారు.

సోమవారం పొద్దెక్కాక గాలి మొదలైంది. వీధిలో రేకులు ఒకదానివెంట ఒకటి లేచి పోతున్నాయి. పదకొండు గంటలకి కరెంటు తీగలు తెగి కాలవలో పడ్డాయి. ఇంటి గోడలు పచ్చి ఇటుకవి, వాన తగిలినచోటల్లా ఉబ్బుతున్నాయి. అటకమీద పగిలిన పెంకు లేచిపోయి, ఆ కంతలోంచి నీళ్ళు ధారగా పడ్డాయి. అటకమీద పెట్టుంటే మూటల గతి ఏమయ్యేదో ఖాజా చూశాడు. 

మధ్యాహ్నానికి కాలవ గడప దాటింది. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు. బియ్యం డబ్బా కాసేపు తేలి, తర్వాత ఒరిగి మునిగింది. వంటపాక కప్పు గాలికి ఎగిరి ఎవరి దొడ్లో పడిందో తెలియలేదు. అత్తాకోడళ్ళిద్దరూ నీళ్ళలోనే నిలబడి, మంచం కదలకుండా చెరో కోడు దగ్గర కాలు అడ్డం పెట్టారు. ఖాజా వరండాలో మిషనుని వదిలేసి లోపలికి వచ్చి మూడో కోడు దగ్గర నిలబడ్డాడు. భార్యవైపు చూడకుండా నిలబడ్డాడు. కానీ నిలబడ్డాడు.

నీళ్ళు పట్టె అంచు దాటాయి. ఆస్మా పరుపు కింది గుడ్డ నల్లగా తడిసింది. అబీదా చెయ్యి పరుపుకీ మూటలకీ మధ్య దూర్చి పెట్టుకుంది. చేతికి తెలిసినంత కంటికి తెలియదు. లోపల దువా చదువుకుంటూ, చేతి కింద తడి పాకుతుందేమోనని వెతుకుతూ, దాదాపు రెండు గంటలు అలాగే ఉంది. నీళ్ళు పరుపు అడుగున రెండు వేళ్ళ ఎత్తు దాకా వచ్చి, అక్కడ ఆగి, సాయంత్రం అసరు నమాజు వేళకి తగ్గడం మొదలుపెట్టాయి. చేతికి తడి తగల్లేదు.

"పొడిగానే ఉంది" అంది.

 ముగ్గురి కాళ్ళూ చివికిపోయి తెల్లగా ఉన్నాయి.

మంగళవారం పొద్దున రైళ్ళు లేవు. పున్నమ్మ భట్టిప్రోలు నుంచి పట్టాల వెంట నడిచొచ్చింది. దారిలో రేపల్లె గేటు దగ్గర మిల్లు మనుషులు చెప్పారట, నీ పత్తి అడుగున పడేసి తడిపి నాశనం చేసిందంట సాయిబుల ఆవిడ అని. ఆమె వీధి మొదట్లో నుంచే తిట్టుకుంటూ వచ్చింది.

"రెండేళ్ళ కష్టమక్కా. చేతులు బొబ్బలెక్కి ఏరుకున్నా. డబ్బున్నోళ్ళ దూది పైన పెట్టుకున్నావంట, నాది కింద పడేశావంట. నేనేం పాపం చేశా నీకు. రాత్రి నుంచీ పిల్లకి నొప్పులు..." గుమ్మంలో బురదలో నిలబడి, అబీదా ముఖంలోకి వేలు పెట్టి చూపిస్తూ అంటూనే ఉంది. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. వాళ్ళకి ఆ రోజు వేరే వినోదం లేదు.

అబీదా గడప దిగింది. వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఆ చేతినే పాతచీర మూట ముడిలోంచి లోపలికి దూర్చింది.

పున్నమ్మ వేళ్ళకి పొడి పత్తి తగిలింది. చెయ్యి ఇంకా లోపలికి పెట్టింది. అడుగుదాకా పెట్టింది. తీసి వాసన చూసింది. క్షమించమని అడగలేదు. అలాంటి మాటలు ఆమెకి రావు. నేలమీద, బురదలోనే కూలబడి, "మరి వాళ్ళెందుకట్టా చెప్పారు" అంది.

"వాళ్ళ నోరు వాళ్ళది. నువ్వు కాస్త టీ తాగు. పిల్ల దగ్గరికి ఎవరు వెళ్ళారు?"

"నర్సమ్మొచ్చింది. సాయంత్రందాకా పట్టుద్దంది."

"అయితే కుట్టేద్దాం."

కరెంటు లేదు. మిషను బురదలో ఉంది. ఖాజా వరండాలోంచి లోపలికొచ్చాడు. గోడకి వేలాడుతున్న, తండ్రిగారు దూది ఏకిన పాత విల్లు తీశాడు. నరం చేత్తో మీటి చూసి, బిగించి, గదిలో పొడిగా ఉన్న ఒకే మూలలో, మంచమ్మీదే కూర్చుని ఏకడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆ చప్పుడు ఆ వీధిలో మళ్ళీ వినపడింది. పత్తి పొరలు పొరలుగా విచ్చుకుంటోంది. ఆయన కనుబొమ్మలమీద, గెడ్డమ్మీద తెల్లగా నుసి వాలుతోంది. తెనాలి నుంచి తెచ్చిన కొత్త గుడ్డ మూటల మధ్య సంచిలోనే పొడిగా ఉంది. ఆస్మా కత్తిరించింది. అబీదా దబ్బనానికి దారం ఎక్కించింది.

మూడు వైపులా కుట్టు అయింది. నాలుగో వైపు కుడుతుండగా రాఘవయ్యగారు తాళంకప్పతో వచ్చాడు. ఒక రోజు ముందే. ఇంటి గోడలు చూడాలి, మరమ్మతులు చేయించాలి అంటున్నాడు. మంచం చూశాడు, విల్లు చూశాడు, పున్నమ్మని చూశాడు.

"ఖాళీ చెయ్యమంటే కుట్టుపని పెట్టారా?"

"సామాను సర్దేశామండి" అంది ఆస్మా, తల ఎత్తకుండా. "మా నాన్నకి తెనాల్లో వరండా ఖాళీగా ఉంది. మిషను అక్కడ పెట్టుకుంటాం." అత్తవైపు తిరిగి, గొంతు తగ్గించి, "అక్కడ మా అమ్మ మాటలు పడాలి. మీకు అలవాటేగా, ఎవరి మాటలైనా పడతారు" అంది.

ఖాజా విల్లు పక్కనపెట్టి కోడలివైపు చూశాడు. అది ఆయనకీ కొత్త సంగతే.

"ఇది అయ్యేదాకా ఆగండి బాబుగారూ" అంది అబీదా. "ఇంకా మూరెడు ఉంది."

రాఘవయ్యగారికి కూర్చోవడానికి చోటు లేదు. అంతా బురద. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తిడదామంటే పున్నమ్మ, పక్కిళ్ళవాళ్ళు, అందరూ చూస్తున్నారు. దబ్బనం గుడ్డలోకి దిగడం, పైకి రావడం, దారం లాగడం, ఆ చప్పుడొక్కటే. అబీదా తొందరపడలేదు. ప్రతి కుట్టూ మామూలుగా ఎంత దూరంలో వేస్తుందో అంతే దూరంలో వేసింది. చివర ముడి వేసి, పళ్ళతో దారం తెంపి, పరుపుని రెండుసార్లు అరిచేత్తో తట్టింది.

పున్నమ్మ లేచి పరుపు చుట్టి నెత్తిన పెట్టుకుంది. ఒక చివర వాలుతుంటే ఆస్మా వీధి మలుపుదాకా ఎత్తిపట్టుకుని వెళ్ళింది.

సామానూ, మిగతా ఇళ్ళవాళ్ళ మూటలూ బయట పెట్టాక అబీదా గడప దిగుతూ, తాళం వేయబోతున్న రాఘవయ్యగారి దగ్గర ఆగింది. "బాబుగారూ, ఆదివారం మీ బూరుగు మూటలు వానలో తడిశాయిగా. దూదికేం కాలేదులెండి. గలేబులు మాత్రం అలాగే ఉంచితే ముక్కిపోతాయి. ఇవాళే విప్పించి, దూది నీడలో, గలేబులు ఎండలో ఆరేయించండి. ఎండ వచ్చేట్టుంది."

 తాళం తిప్పుతూ ఉండిపోయాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు. చెప్పవలసింది చెప్పింది, ఖాజా ఎత్తలేకపోతున్న మిషను చక్రం రెండో వైపు పట్టుకోవడానికి వెళ్ళింది.